ఉదయం ఆరింటికే పడిపోయే ఎంసీబీ

ఒక నమూనా గదిని ఊహించుకుందాం. హైదరాబాద్‌లో ఒక ఫ్లాటు. పడకగదుల్లో ఒకదాన్ని ఖాళీ చేసి, నాలుగు ఇనుప ర్యాకులు నిలబెట్టి, అర అరకూ ఎల్ఈడీ ట్యూబులు బిగించి మైక్రోగ్రీన్స్ పెంచుతున్నారు. ముల్లంగి, ఆవ, మెంతి, పొద్దుతిరుగుడు గింజలు ట్రేలలో మొలిచి వారం పది రోజుల్లో కోతకు వస్తాయి. కిటికీకి మందపాటి తెర, గోడకు ఏసీ, మూలన చిన్న ఫ్యాను. ఆ గదిలో పొద్దు పొడవడం, పొద్దు గుంకడం రెండూ గోడమీది టైమరు చేతిలోనే ఉంటాయి. అంతా సవ్యంగా సాగుతుండగా ఒకరోజు ఉదయం ఆరింటికి టైమరు కదులుతుంది. ట్యూబులన్నీ రెప్పపాటు తళుక్కుమంటాయి. హాల్లో, ఇంటి లైన్లన్నిటి ఎంసీబీలు (కరెంటు హద్దు మీరితే తమంతట తాము పడి లైను ఆపే మీటలు) ఉండే డీబీ బోర్డులో టక్కుమని చప్పుడు, మళ్లీ చీకటి. లేచి వెళ్లి మీట ఎత్తితే ఒక్కోసారి వెంటనే నిలుస్తుంది, ఒక్కోసారి రెండోసారికి నిలుస్తుంది. ఆ తరువాత రాత్రి పదింటి దాకా ఏ గొడవా ఉండదు. మర్నాడు ఆరింటికి మళ్లీ టక్.

ఇలాంటప్పుడు ముందుగా వినబడే సలహా ఒకటే: ఎంసీబీ పాడైంది, పెద్దది వేయించండి. ఈ సలహాకు వయసు ఎక్కువే. పింగాణీ ఫ్యూజుల రోజుల్లో, ఫ్యూజు మాటిమాటికీ కొట్టేస్తోందని రాగి పోగులు నాలుగు మెలిపెట్టి చుట్టేవారు. ఇప్పుడు అదే పని 16 ఆంపియర్ల ఎంసీబీ తీసి 32 ఆంపియర్లది బిగించడంగా మారింది. గోడలోని తీగ మాత్రం మారలేదు. 16 ఆంపియర్ల ప్లగ్గుకు మామూలుగా లాగే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగే అక్కడ ఉంటుంది. 32 ఆంపియర్ల ఎంసీబీ గంటలోగా తప్పనిసరిగా పడాలంటే దాని గుండా 46 ఆంపియర్లకు పైగా పారాలి. అంతకు ముందే పైపులోని తీగ మీది ప్లాస్టిక్ తొడుగు మెత్తబడటం మొదలవుతుంది. బోర్డులో ఉండాల్సిన ఫ్యూజును గోడలోకి పంపినట్లే.

ఎంసీబీలు చెడిపోవని కాదు. అనుమానించాల్సిన వాటి వరుసలో అది చివరిది. ముందు తేల్చుకోవాల్సినవి రెండే: బోర్డులో ఏ మీట పడింది, దీపాలు వెలిగిన ఎంతసేపటికి పడింది. ఆశ్చర్యమేమంటే, ఎలక్ట్రీషియన్‌కు ఫోను చేసే చాలామంది ఈ రెండూ చూడకుండానే చేస్తారు. ‘కరెంటు పోయింది’ అన్న మాటతో ఆయన మాత్రం ఏం చేయగలడు?

పడింది ఏ మీట

బోర్డు తలుపు తీస్తే వరుసగా సన్నటి మీటలు కనిపిస్తాయి. అవి ఎంసీబీలు, గదికొకటో లైనుకొకటో ఉంటాయి. వాటికంటే వెడల్పుగా, ‘టి’ అనే అక్షరంతో చిన్న బొత్తాం ఉన్నది ఆర్సీసీబీ. పాత ఇళ్లలో ఇది ఉండకపోవచ్చు. ఈ రెండింటి పనీ వేరు, అవి పడటానికి కారణాలూ వేరు.

ఎంసీబీకి తెలిసింది తనలోంచి ఎంత కరెంటు పారుతోందన్నదొక్కటే. దానిలో ఇద్దరు కాపలాదారులు ఉంటారు. ఒకటి రెండు లోహాల పట్టీ. ఎక్కువ కరెంటు ఎక్కువసేపు పారితే అది వేడెక్కి వంగుతుంది, వంగి మీటను పడేస్తుంది. రెండోది తీగచుట్ట. కరెంటు ఒక్కసారిగా కొన్ని రెట్లు పెరిగితే అది అయస్కాంతమై క్షణంలో వందోవంతులోనే మీటను లాగేస్తుంది. మొదటిది ఓపికమంతురాలు, రెండోది ముక్కోపి.

ఆర్సీసీబీకి కరెంటు ఎంతన్నది పట్టదు. ఫేజులో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా అన్నదే దాని లెక్క. తేడా వస్తే ఆ తేడా ఎర్తులోకో, తడిగోడలోకో, మనిషి ఒంట్లోకో పోతోందని అర్థం. ఇళ్లలో వాడే ఆర్సీసీబీ మీద 30 మిల్లీ ఆంపియర్లని రాసి ఉంటుంది. ప్రమాణాల ప్రకారం అది 15 లోపు పడకూడదు, 30కి తప్పక పడాలి. మధ్యలో ఎక్కడైనా పడవచ్చు. ఈ చివరి మాట గుర్తుంచుకోదగ్గది, దీని అవసరం ముందుముందు వస్తుంది.

ఎంసీబీ ఒక్కటే పడితే లోడు ఎక్కువైందో, షార్టు అయిందో, లేక తొలి క్షణపు పోటు తగిలిందో. ఆర్సీసీబీ ఒక్కటే పడితే ఎక్కడో కరెంటు కారుతోంది. కొన్ని కొత్త బోర్డుల్లో రెండు పనులూ ఒకే పెట్టెలో చేసే ఆర్సీబీవోలు పెడుతున్నారు. చోటు కలిసివస్తుంది, కానీ పడినప్పుడు కారణం ఏదో మీటను చూసి చెప్పడం కష్టం.

పెట్టెమీది వాట్లు, తీగలోని ఆంపియర్లు

నమూనా గదికి లెక్క కట్టి చూద్దాం. ర్యాకుకు నాలుగు అరలు, అరకు నాలుగు ట్యూబులు. మొత్తం 64 ట్యూబులు, ఒక్కోటి 20 వాట్లు. అంటే 1,280 వాట్లు. 230 వోల్టులతో భాగిస్తే 5.6 ఆంపియర్లు. 16 ఆంపియర్ల లైనుకు ఇదొక లెక్కా అనిపిస్తుంది.

ఈ భాగహారంలో ఒక సంఖ్య తప్పిపోయింది, అది పవర్ ఫ్యాక్టర్, అంటే తీగలో పారే కరెంటులో నిజంగా పనికి వచ్చే పాలు. ఇస్త్రీపెట్టె లాంటి వాటికి అది 1, కాబట్టి పట్టించుకోనక్కర లేదు. ఎల్ఈడీ ట్యూబు లోపల మాత్రం కరెంటును డీసీగా మార్చే చిన్న సర్క్యూట్ ఉంటుంది, దాన్నే డ్రైవరు అంటారు. చవక రకాల్లో అది వోల్టేజీ అలల శిఖరాల దగ్గర మాత్రమే గుటకలు గుటకలుగా కరెంటు తాగి, మిగతా సమయం ఊరుకుంటుంది. అలాంటి ట్యూబు పవర్ ఫ్యాక్టర్ 0.5 దగ్గర ఉంటుంది. అప్పుడు అవే 1,280 వాట్లకు తీగలో పారేది 5.6 కాదు, 11 ఆంపియర్లు. మీటరు తిరిగేది 1,280 వాట్లకే, బిల్లులో తేడా కనిపించదు. తీగ, ఎంసీబీ మాత్రం 11 ఆంపియర్ల వేడిని మోస్తాయి. 0.9 ఉన్న మంచి ట్యూబులైతే 6.2 ఆంపియర్లతో సరిపోతుంది. ట్యూబు కొనేటప్పుడు వాట్లు, కెల్విన్లు, ఎరుపు నీలం పాళ్లు అన్నీ అడిగి, పక్కనే ముద్రించి ఉన్న ఈ సంఖ్యను వదిలేసేవాళ్లే ఎక్కువ.

ఆ గదిలో 16 ఆంపియర్ల ప్లగ్గు ఒక్కటే ఉంది, అది ఏసీ కోసం వేసింది. ర్యాకుల ఎక్స్‌టెన్షన్ బాక్సు కూడా అందులోంచే తీశారనుకుందాం. ఇది పెద్ద వింతేమీ కాదు, గదిలో ‘పవర్ ప్లగ్గు’ ఎక్కడుందో అక్కడికే అన్నీ చేరతాయి. టన్నున్నర ఏసీ కంప్రెసర్ నడుస్తుంటే సుమారు 7 ఆంపియర్లు. 11తో కలిపితే 18. ఖచ్చితంగా చెప్పాలంటే రెండు కరెంట్ల అలల ఆకారాలు వేరు కాబట్టి మొత్తం 18 కంటే కాస్త తక్కువే వస్తుంది, అయినా 16 దాటినట్లే. విచిత్రం ఇక్కడే మొదలవుతుంది. 16 ఆంపియర్ల ఎంసీబీ 16 దాటగానే పడదు. దాని ప్రమాణం ప్రకారం 1.13 రెట్ల వరకు, అంటే 18 ఆంపియర్ల దాకా, గంటసేపు పడకుండా నిలబడాలి. 1.45 రెట్లు, అంటే 23 ఆంపియర్లకు గంటలోగా పడాలి. ఆ మధ్యలో ఎప్పుడు పడుతుందో దాని దయ. అందుకే ఇలాంటి బోర్డులు ఒకరోజు సాయంత్రం దాకా నిలబడి, మరోరోజు మధ్యాహ్నం రెండింటికే పడిపోతాయి. ‘నిన్న బాగానే ఉంది కదా’ అన్న మాట ఇక్కడ దేనికీ రుజువు కాదు.

ఎండాకాలం ఈ అయోమయాన్ని పెంచుతుంది. ఇళ్లలో వాడే ఎంసీబీలను 30 డిగ్రీల దగ్గర సరిచూసి గీత పెడతారు. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో పడమటి గోడకు బిగించిన బోర్డు లోపల ఎంత ఉంటుందో ఊహించవచ్చు. చుట్టూ వేడి ఉంటే రెండు లోహాల పట్టీ ముందే సగం వంగి ఉంటుంది. పక్కపక్కనే బిగించిన ఎంసీబీలు ఒకదాన్నొకటి వేడెక్కించుకుంటాయి కూడా. ఇక తీగను పట్టి ఉంచే స్క్రూ వదులైతే చెప్పనక్కర లేదు. ఆ చోట పుట్టే వేడి నేరుగా ఎంసీబీ లోపలికే పాకుతుంది. లోడు తక్కువే ఉన్నా పడుతోందంటే, తీగ చివర గోధుమరంగుకు తిరిగిందా, కాలిన ప్లాస్టిక్ వాసన ఉందా అన్నది ఎలక్ట్రీషియన్ ముందు చూస్తాడు. ఆ పని ఇంట్లోవాళ్లు చేయకపోవడమే మంచిది. మెయిన్ స్విచ్ ఆపినా దానిలోకి మీటరు నుంచి వచ్చే తీగల్లో కరెంటు ఉంటూనే ఉంటుంది.

కొలిచి చూడాలంటే, తీగను విప్పకుండా చుట్టూ పట్టి కరెంటు చెప్పే క్లాంప్ మీటరు కావాలి. చవక క్లాంప్ మీటర్లు కరెంటు అల నున్నగా ఉందని ఊహించుకుని లెక్క చెబుతాయి. గుటకలు గుటకలుగా తాగే ఎల్ఈడీ లోడును అవి తక్కువ చేసి చూపిస్తాయి. ‘ట్రూ ఆర్ఎంఎస్’ అని రాసి ఉన్నది కాకపోతే, ఆ అంకెను చూసి లోడు సరిపోయిందనుకోవడం పొరపాటు.

ఇదే లెక్క అమెరికాలోని తెలుగు ఇళ్లలో మరో రూపంలో ఎదురవుతుంది. అక్కడ చలికాలం రాగానే కరివేపాకు కుండీలు ఇంట్లోకో బేస్‌మెంట్‌లోకో చేరతాయి. ఆకు రాల్చకుండా వాటిపైన మొక్కల దీపం, పక్కన గది వెచ్చబరిచే హీటరు పెడతారు. అక్కడి ప్లగ్గుల్లో 120 వోల్టులే, ఒక మామూలు లైను 15 ఆంపియర్లది. అంటే మొత్తం 1,800 వాట్లు. మూడు గంటలు, అంతకు పైబడి ఆగకుండా వాడే లోడుకు అక్కడి ఎలక్ట్రికల్ కోడ్ 80 శాతాన్నే హద్దుగా పెట్టింది, అంటే 1,440 వాట్లు. 1,500 వాట్ల హీటరు ఒక్కటే ఆ హద్దు దాటుతుంది. పాపం దీపం ఏమీ చేయకుండానే నింద మోస్తుంది. బేస్‌మెంట్, గ్యారేజీ ప్లగ్గులకు ఉండే జీఎఫ్‌సీఐ మన ఆర్సీసీబీ కంటే చాలా సున్నితం, 4 నుంచి 6 మిల్లీ ఆంపియర్ల తేడాకే పడిపోతుంది. పడకగదుల లైన్లకు 1999 నాటి కోడ్‌తో మొదలైన ఏఎఫ్‌సీఐ మరో రకం. వదులు తీగల్లో పుట్టే నిప్పురవ్వల ఆనవాలును అది కరెంటు అలలో వెతుకుతుంది. చవక ఎల్ఈడీ డ్రైవరు, డిమ్మరు కలిసి చేసే రొదను కొన్ని పాత ఏఎఫ్‌సీఐలు నిప్పురవ్వ అనుకుని పడిపోతాయి. వేరే బ్రాండు డ్రైవరు మార్చి చూస్తే తేలిపోయే విషయమది.

తొలి క్షణపు పోటు

ఆరింటికి పడే ఎంసీబీకి తిరిగి వద్దాం. వెలిగించగానే పడుతోంది, నిలిచిందంటే రోజంతా నిలుస్తోంది. ఇది లోడు ఎక్కువైన తీరు కాదు. లోడు కాస్త ఎక్కువైతే పడటానికి కొన్ని నిమిషాలైనా పడుతుంది. పడింది ముక్కోపి తీగచుట్ట వల్ల.

ప్రతి ఎల్ఈడీ డ్రైవరు లోపల ఒక కెపాసిటర్ ఉంటుంది. ఆరి ఉన్నప్పుడు అది ఖాళీ కుండ. మీట వేసిన మరుక్షణం ఆ కుండ నిండటానికి కరెంటు ఒక్కసారిగా దూకుతుంది. సెకనులో వెయ్యోవంతు కూడా ఉండదు ఆ పోటు, కానీ ఎత్తు చాలా ఎక్కువ. మామూలుగా ఒక ఆంపియరు తీసుకునే 200 వాట్ల పైబడిన డ్రైవర్లలో కొన్నింటికి ఈ తొలి పోటు 60, 70 ఆంపియర్లని తయారీదారులు ఇచ్చే వివరాల పత్రాల్లోనే (డేటాషీట్లలోనే) రాసి ఉంటుంది. ఒకే టైమరు కింద 64 ట్యూబుల కుండలు ఒకేసారి నిండబోతే ఏమవుతుందో చెప్పనక్కర లేదు. 16 ఆంపియర్ల బి రకం ఎంసీబీలో తీగచుట్ట 48 నుంచి 80 ఆంపియర్ల మధ్య ఎక్కడో లాగేస్తుంది. సి రకంలో ఆ హద్దు 80 నుంచి 160.

ఒకసారి పడి, మరోసారి నిలవడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఎగిసిపడే అల. అల సున్నా దగ్గర ఉన్నప్పుడు మీట తగిలితే పోటు చిన్నది, శిఖరం దగ్గర తగిలితే పెద్దది. ఎవరి చేతికీ ఆ క్షణాన్ని ఎంచుకునే వీలుండదు. అందుకే మూడోసారి ఎత్తినప్పుడు నిలిచిందంటే మీటలో మహిమ ఏమీ లేదు.

కొన్ని డ్రైవర్లలో ఈ పోటును ఆపడానికి ఎన్‌టీసీ అనే చిన్న బిళ్ల ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు అది కరెంటుకు అడ్డుపడుతుంది, వేడెక్కాక దారి ఇస్తుంది. ఏర్పాటు బాగానే ఉంది, మన ఊళ్లలో కరెంటు పోయి వచ్చే తీరే దానికి సరిపడదు. గాలివాన రోజున కరెంటు ఇలా పోయి అలా వస్తుంది. ఆ మూడు నాలుగు సెకన్లలో కెపాసిటర్ ఖాళీ అవుతుంది, ఎన్‌టీసీ మాత్రం చల్లారదు. మళ్లీ కరెంటు రాగానే పోటుకు అడ్డే ఉండదు. ఉదయం చల్లగా ఉన్నప్పుడు చక్కగా వెలిగే గది, మధ్యాహ్నం కరెంటు రెపరెపలాడగానే పడిపోతోందంటే ఈ బిళ్ల కథ అయ్యే అవకాశం ఎక్కువ.

ఇది నిజంగా పోటేనా, లేక ఏదో ఒక ట్యూబులో షార్టా అని తేల్చడానికి సగం సగం పద్ధతి చాలు. రెండు ర్యాకుల ప్లగ్గులు పీకేసి మిగతా రెండు వెలిగించాలి. నిలిస్తే, వీటిని పీకి అవి వెలిగించాలి. ఏ సగానికి ఆ సగం నిలిచి, రెండూ కలిస్తేనే పడుతుంటే అది పోటు. ఒక సగం ఎప్పుడూ పడుతూ, రెండో సగం ఎప్పుడూ నిలుస్తుంటే షార్టు ఆ మొదటి సగంలో ఉంది. దాన్ని మళ్లీ సగం చేయాలి. 64 ట్యూబుల్లో దొంగ ఒక్కడే ఉంటే ఆరు అడుగుల్లో దొరుకుతాడు. దొరికాక విప్పి చూస్తే నలిగిన తీగో, ఎలుక కొరికిన చోటో, వెచ్చదనానికి దూరి మాడిన బల్లి పిల్లో కనిపించినా ఆశ్చర్యం లేదు. ఒక్క జాగ్రత్త: షార్టు అనుమానం ఉన్నప్పుడు మీటను పదేపదే ఎత్తడం పరీక్ష కాదు, ఆ చోట ఒక్కో దెబ్బ వేయడం.

పోటు అని తేలితే మందు సులువైనదే. టైమరు ఒకటి కాకుండా ర్యాకుకొకటి పెట్టి 6:00, 6:01, 6:02, 6:03కి వెలిగేలా అమర్చితే నాలుగు చిన్న పోట్లవుతాయి. మొక్కలకు ఆ మూడు నిమిషాల తేడా తెలియదు. కరెంటు పోయి వచ్చినప్పుడు మాత్రం నాలుగూ ఒకేసారి వెలుగుతాయి, కాబట్టి ఇది పూర్తి పరిష్కారం కాదు. టైమర్ల విషయంలో ఇంకో మోసం ఉంది. పైన 16 ఆంపియర్లు అని రాసి ఉంటుంది, అది గీజరు, ఇస్త్రీపెట్టె లాంటి వాటికి చెప్పిన లెక్క. ఎల్ఈడీ పోటు రోజూ తగిలితే లోపలి కాంటాక్టులు ఒకనాటికి అతుక్కుపోతాయి. అప్పుడు దీపాలు ఆరవు. ఎంసీబీ పడితే ఇంట్లో తెలుస్తుంది, దీపాలు ఆరకపోతే మొక్కలు వంగిపోయే దాకా తెలియదు.

రెండో దారి, బి 16 తీసి సి 16 వేయడం. సలహాల్లో ఇది 32 వేయమన్నంత అడ్డగోలుది కాదు. ఆంపియర్లు అవే కాబట్టి వేడి నుంచి తీగకు రక్షణ తగ్గదు, ముక్కోపికి ఓపిక పెరుగుతుంది అంతే. ఎక్కువ వాట్ల డ్రైవర్ల డేటాషీట్లలో 16 ఆంపియర్ల బి రకం కింద ఎన్ని, సి రకం కింద ఎన్ని పెట్టవచ్చో ఒక వరుసే ఉంటుంది. సి కింద ఎక్కువ పడతాయి. కానీ దీని వెనుక ఎర్తింగ్ సంగతి ఒకటి దాగి ఉంది. సి 16 క్షణంలో పడటానికి 160 ఆంపియర్ల వరకు కావాలి. ఇంటి ఎర్తు గుంత నిరోధం 5 ఓములు ఉందనుకుంటే, ఫేజు తగిలిన ఇనుప ర్యాకు నుంచి భూమిలోకి పారేది మహా అయితే 46 ఆంపియర్లు. ఆ కరెంటుకు సి 16 వెంటనే పడదు, లోహపు పట్టీ వేడెక్కే దాకా సెకన్ల కొద్దీ ర్యాకు షాకు కొడుతూనే ఉంటుంది. తడి చేతులతో ట్రేలు ఎత్తి దించే గదిలో ఇది ఒప్పుకోదగ్గది కాదు. కాబట్టి సి రకానికి వెళ్లేముందు ఆ లైను మీద 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ ఉందా, ‘టి’ బొత్తాం నొక్కితే పడుతోందా, ర్యాకులకు ఎర్తు తీగ కలిపి ఉందా అన్నవి చూసుకోవాలి. ఆర్సీసీబీ ఉంటే అదే 46 ఆంపియర్లకు కన్ను మూసి తెరిచేలోగా పడుతుంది.

అదే ఆరు గంటలు, వేరే మీట

నమూనా గదిలో ర్యాకులను ఏసీ లైను నుంచి విడదీశారు, టైమర్లు నాలుగు పెట్టారు, ఆర్సీసీబీ చూసుకుని సి 16 వేయించారు. వేసవి గడిచింది. ఆగస్టు ముసురులో మళ్లీ ఆరింటికి టక్. ఈసారి ఎంసీబీ నిలిచే ఉంది, పడింది ఆర్సీసీబీ. పాత జబ్బే తిరగబెట్టిందనుకుని పాత మందే వేస్తే పని జరగదు.

కరెంటు కారడం రెండు రకాలు. ఒకటి నేరం కానిది. డ్రైవర్ల రొద బయటి తీగల్లోకి పాకకుండా తయారీదారులు లోపల చిన్న కెపాసిటర్లు ఎర్తుకు కలుపుతారు. వాటి గుండా ఎప్పుడూ కాస్త కరెంటు ఎర్తులోకి పోతూనే ఉంటుంది. పెద్ద ప్యానెళ్లకు వాడే కొన్ని డ్రైవర్ల డేటాషీట్లు దీని గరిష్ఠాన్ని 0.75 మిల్లీ ఆంపియర్లని చెబుతాయి. ఒకటి రెండైతే లెక్కలోకి రాదు. అలాంటివి 20 ఉంటే, గరిష్ఠాన్నే పట్టుకుంటే, 15 మిల్లీ ఆంపియర్లు. ఆర్సీసీబీ పడకూడదని ప్రమాణం హామీ ఇచ్చేది సరిగ్గా అక్కడి వరకే. ఆపైన ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ కూడా అదే ఆర్సీసీబీ కింద ఉంటే, ఏ తప్పూ లేని పరికరాలన్నీ కలిసి దాన్ని పడేస్తాయి. అప్పుడు చేయాల్సింది మొక్కల గదికి విడిగా ఇంకో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ పెట్టడం. అంతే తప్ప 100 లేదా 300 మిల్లీ ఆంపియర్లది వేయడం కాదు. 300 మిల్లీ ఆంపియర్లది తీగలు అంటుకోకుండా చూడటానికి, మనిషిని కాపాడటానికి కాదు.

రెండోది తేమ. మొక్కల గదిలో ఇదే మొదటి నిందితుడు. పగలంతా దీపాల వేడికి గాలి నీటిని మోస్తుంది. రాత్రి పదింటికి దీపాలు ఆరాక గది చల్లబడుతుంది, ఆ నీరు చల్లటి లోహం మీద, ట్యూబు చివరి టోపీల లోపల, ప్లగ్గు కీళ్ల దగ్గర చెమటలా చేరుతుంది. ఉదయం ఆరింటికి దీపాలు వెలగగానే ఆ తడి గుండా కరెంటు కారుతుంది. పట్టుబట్టి రెండు మూడుసార్లు ఎత్తితే, వెలిగిన కొద్దిసేపటికి వేడికి తడి ఆరి, ఇక రోజంతా నిలుస్తుంది. ఎండాకాలంలో పోటు వేసిన వేషమే, వానాకాలంలో తేమ వేస్తుంది. బోర్డు దగ్గరికి వెళ్లి పడిన మీట ఏదో చూడకపోతే ఈ రెండింటినీ విడదీయడం అసాధ్యం. నీళ్లలో కలిపే ఎరువుల లవణాలు దీన్ని ఇంకా కష్టం చేస్తాయి. ఉప్పునీరు మామూలు నీటికంటే కరెంటును బాగా మోస్తుంది, ఆరినప్పుడు తెల్లటి పొక్కు మిగిల్చి మళ్లీ తేమ తగిలేదాకా ఎదురుచూస్తుంది.

ఆర్సీసీబీ దొంగను పట్టడంలో ఒక మెలిక ఉంది. స్విచ్ ఆపి చూడటం చాలదు. మన ఇళ్లలో స్విచ్చు ఫేజును మాత్రమే తెంపుతుంది, న్యూట్రల్ కలిసే ఉంటుంది. ట్యూబు లోపల న్యూట్రల్ ఎర్తుకు తగులుతుంటే, స్విచ్ ఆపి ఉన్నా, ఇంట్లో వేరే ఏ మోటారో ఆన్ చేసినప్పుడు ఆర్సీసీబీ పడుతుంది. వంటింట్లో మిక్సీ వేస్తే మొక్కల గది పడిపోవడం లాంటి దయ్యాల కథలు ఇక్కడే పుడతాయి. కాబట్టి ప్లగ్గులు పీకాల్సిందే, అన్నీ పీకాల్సిందే. అన్నీ పీకాక కూడా పడుతోందంటే తప్పు గోడలోని తీగల్లోనో, ఒక లైను న్యూట్రల్ తెచ్చి ఇంకో లైనుకు కలిపిన పాత పనిలోనో ఉంది. దానికి ఎలక్ట్రీషియన్, ఆయన దగ్గర తీగల తొడుగు కరెంటును ఆపుతోందో లేదో కొలిచే మెగ్గరు కావాలి. నిలిస్తే ఒక్కొక్కటే తిరిగి గుచ్చుకుంటూ రావాలి. తేమ కేసుల్లో ఈ పరీక్ష మధ్యాహ్నం చేస్తే ఏమీ దొరకదు, అప్పటికి సాక్ష్యం ఆరిపోయి ఉంటుంది. ఉదయం ఆరింటికే చేయాలి.

నమూనా గదిలో మూడో ర్యాకు గుచ్చగానే పడింది. ఆ ర్యాకులో అన్నిటికంటే కింది అర, కిటికీవైపు ట్యూబు. పైన ఉన్న ట్రే నుంచి కారిన నీళ్లు తీగ వెంబడి జారి నేరుగా ట్యూబు టోపీలోకి దిగుతున్నాయి. టోపీ తీస్తే పిన్నుల మధ్య ఆవగింజంత తెల్లటి పొక్కు, దాని మీద ఒక నీటి చుక్క. ట్యూబు మార్చి, తీగను టోపీకి ముందు జానెడు కిందికి వేలాడేలా వంచి కట్టారు, నీళ్లు ఆ వంపు దగ్గరే కిందికి రాలిపోయేలా. తీగల కీళ్లన్నింటినీ ట్రేల మట్టానికి పైకి ఎత్తారు. రాత్రిపూట కూడా ఫ్యాను తిరగనిచ్చారు.